కొలత దిమ్మె

అయిదో పుట్టినరోజుకు ఏం కావాలె బిడ్డా అంటే
గౌను కాదు, పట్టీలు కాదు,
సీతాకోకచిలుకల బర్త్‌డే అసలే కాదు,
జేసీబీ బర్త్‌డే కావాలన్నది మా మనస్వి.

కల్వకుర్తిల మా గల్లీని
మోరీ పైపుల కోసమని పదకొండు రోజులు తవ్విన్రు.
పదకొండు రోజులూ కడప మీదనే దాని బడి.
లోపల కూసున్న పిలగాడు ఏ రాష్ట్రమోడో ఏమో,
ఒకసారి మిషను చెయ్యి పైకెత్తి
దీనికి టాటా చెప్పిండు.
ఇగ జూడు.

"ఆడపిల్లకు జేసీబీ ఏందే?" అన్నది ఆడబిడ్డ ఫోన్ల.
ఏమో వదినా,
పుట్టినరోజు ఎవరిదో వాళ్లనే అడగాలె కద.

బేకరీల బొమ్మ కేకు పదహారు వందలన్నడు.
అంటే పదహారు జాకెట్లు, లైనింగు లేనివి.
ఇంటికొచ్చి జాకెట్ల కొలతలు రాసే నోట్‌బుక్కుల
చివరి పేజీ తెరిచిన.
సబ్బుల అట్టడబ్బాలు నాలుగు: బతిమాలితే ఉత్తగనే.
పసుపు రంగు, చిన్న డబ్బా.
చక్రాలకు మిగిలిన నల్ల గుడ్డ.
చెయ్యికి విరిగిన గొడుగు కాడ.
మట్టి తవ్వే తొట్టికి పండ్లెట్ల అని
రెండు రాత్రులు ఆలోచన చేసిన;
మూడో పొద్దు దండెం మీద కనవడ్డయి,
బట్టల క్లిప్పులు.

పిల్ల పండుకున్నంక మేమిద్దరం
రంగులు వేసుకుంట కూసున్నం.
తెల్లారి పత్తి మిల్లుకు పోతే
"ఎవరి పెండ్లిల నలుగు పెట్టొచ్చినవ్ శ్రీశైలం?" అని
మా ఆయన చేతులు చూసి నవ్విన్రంట.

పది రూపాయల బంతులు సగానికి కోసి హెల్మెట్లు.
కుక్కర్ల ఉడికిన కేకు, మీద
రోట్ల దంచిన నల్ల బిస్కెట్ల మట్టి.
అన్నీ అయినయి గని
బొమ్మను పిల్లకు కనవడకుండ దాచినట్టే
మా మామకు కనవడకుండ కూడ దాచిన.

కుర్మయ్య మామ
ఇరవై ఏడేండ్లు పరాయి నేలల కాల్వలు తవ్విన మనిషి.
మేస్త్రి వెనక లారీ ఎక్కి పోయి
వానలకు తిరిగొచ్చేటోడు.
మిషను మాటెత్తితే లేచి పోతడు.
ఒక్కసారే అన్నడు నాతోని:
"అరవైమంది గుంపును మింగి
ఒక్క డ్రైవరును కక్కిందమ్మా అది."

పుట్టినరోజు పొద్దుగాల
ఇంటెనక గడ్డపార సప్పుడు.
ఉరికి పోయి చూస్తే
సున్నం గీత గీసి, గీత దాటకుండ
మోకాలు లోతు గుంత తవ్విండు మామ.
గాజు పెంకులు, ముండ్లు ఏరి పక్కకు పెట్టి
ఎర్రమట్టిని జల్లెడ పట్టిండు పిల్లల కోసం.
నడుమ మాత్రం ఒక దిమ్మె అట్లనే నిలవడ్డది,
తల మీద ఇంత గరికతోని.

"తాతా, ఈడ మర్శిపోయినవా?"

"మర్శిపోలే బిడ్డా. ఇది సాక్షి.
దీన్ని చూసే గద కొలిచేది
ఎంత లోతు తవ్వినమో.
ఇది లేకుంటే మేస్త్రి ఒప్పుకోడు,
కూలి రాదు."

పొద్దుమీకి గుంతల పద్నాలుగు పసుపు తలకాయలు.
మా జేసీబీ చెయ్యి పది నిమిషాలకే ఊడింది.
పిల్ల మూతి ముడవకముందే
మామ సుత్లి తీసి బిగించి ముడేసిండు,
ఏమనకుంట,
ఆ క్లిప్పుల పండ్లను మాత్రం
ఒక్కసారి వేలితోని తడిమి చూసి.

కేకు కోసినం. చుట్టూ తిన్నరు,
ప్లేట్లు నాకిన్రు, మట్టి బిస్కెట్లో
నిజం మట్టో ఎవ్వలు చూసిన్రు.
నడుమ బొటనవేలంత ముక్క ఒకటి
కొవ్వొత్తి తోని నిలవడి ఉన్నది.
నేను చెయ్యి పెట్టబోతే
"ముట్టకు మమ్మీ! కొలవాలె."

ఎవ్వలు కొలుస్తరే అంటే
తాత దిక్కు చూసింది.

మామ కండువ తోని చెయ్యి తుడుసుకొని
వంగి, వేళ్లు ఆనించి,
పెద్ద పని చూసినట్టు చూసి
"బెత్తెడు" అన్నడు.
"పద్నాలుగు మంది. బెత్తెడు లోతు. మంచిగ చేసిన్రు."
నా దిక్కు తిరిగి,
"రాసుకో అమ్మా."

రంగు డబ్బా లెక్క కింద
రాసుకున్న.